చేతులు వదిలేసిన నేల

38వ ఏడు, చైత్రం 9

కాపరి పుస్తకంలో పేజీకి నాలుగే గడులు: వేడి, తడి, అదుము, వ్యాఖ్య. వ్యాఖ్యకు వాళ్ళిచ్చిన చోటు రెండంగుళాలు. ఈ పుస్తకం అచ్చువేయించిన పెద్దమనుషులు ఒక్కరోజైనా మేను మీద చెప్పుల్లేకుండా నడిచి ఉండరు. ఇరవై రెండేళ్ళుగా నేను గడి దాటే రాస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే వచ్చి నాతో నడవవచ్చు.

వేడి: ముప్ఫై ఒకటి. తడి: సరిపడా. అదుము: తూర్పు పేటలో ఒక్కచోట తప్ప అంతటా బాగుంది.

ఆ ఒక్కచోటు మా వదిన మాణిక్యాంబ గుమ్మం ముందు. రోజూ పొద్దున్నే ఊరంతా వట్టికాళ్ళతో నడవడం నా ఉద్యోగం. మా ఊరు సముద్రం మీద తేలుతుంది, దానికి ప్రాణముంది. నేల, గోడ, గడప అన్నీ దాని ఒళ్ళే, అందుకే మేను అంటాం. ఒంట్లో బాగున్న నేల మీద మడమ మోపితే అది మడమను తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టడాన్నే అదుము అంటాం. ఇవాళ నెట్టలేదు. కాలు అంగుళం లోపలికి దిగింది. వంగి తడిమితే నిమ్మకాయంత గడ్డ, వెచ్చగా ఉంది.

“ఏంటలా నించుండిపోయేవు? నా గుమ్మం అంత మెరిసిపోతందా?” అంది వదిన లోపల్నుంచి.

“మెరుత్తందిలే. కాలు దిగబడతంది కూడానూ.”

“నీ కాలే బరువు. పొద్దున్నే రెండు ఇడ్లీలు తగ్గించు.”

నవ్వేసి వచ్చేశాను. మెరుపు మాట నిజమే. నాలుగేళ్ళుగా నేల అందం పోటీలో తూర్పు పేటదే మొదటి బహుమతి. న్యాయనిర్ణేతను నేనే. వదిన అని కాదు, నిజంగానే ఆ నేలలో మొహం చూసుకోవచ్చు.

చైత్రం 12

గడ్డలోంచి సూదితో చిటికెడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పక్కనే పడమటి పేట నుంచి తెచ్చిన మంచి చిటికెడు. వదిన చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చి, అడక్కుండానే కన్ను పెట్టి చూసింది.

“ఈ మంచోళ్ళంతా పెద్దవల లాగడానికి నించున్నట్టు ఒకర్నొకరు ఆనుకునున్నారు. ఈళ్ళేంటే, పడవ దిగిన జనంలాగ ఎవరి దారిన ఆళ్ళు పోతన్నారు?”

నా పాఠ్యపుస్తకాలకంటే ఆవిడే తేలిగ్గా చెప్పింది. ప్రతి కణానికీ చుట్టూ పొర ఉంటుంది. ఆ పొరలోంచి బయటికి పొడుచుకొచ్చే ప్రోటీన్లలో కొన్నింటి పని పక్క కణాన్ని పట్టుకోవడం. పుస్తకంలో వాటి పేరు బారెడు ఉంటుంది కాబట్టి నేను చేతులంటాను. నాలుగువైపులా చేతులు కలిసి ఉన్న కణానికి ఇక్కడ ఖాళీ లేదని తెలుస్తుంది, చీలకుండా ఊరుకుంటుంది. చేతులు విడిపోతే చుట్టూ అంతా ఖాళీయే అనుకుంటుంది. రెండవుతుంది, నాలుగవుతుంది. కణితి అంటే పక్కన మనుషులున్నారన్న సంగతి మరిచిపోయిన గుంపు.

“మరి చేతులెందుకు వదిలేసేయి?”

“తెల్దు వదినా.”

“కాపరివి నీకు తెలీపోతే ఇంకెవరికి తెలుత్తాది?”

పులుసు బాగుంది. ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

చైత్రం 17

గట్టు నుంచి శస్త్ర ఇంజినీరు కృపాదానం గారు వచ్చారు. సముద్రం మీదున్న పన్నెండు మేనులకూ కోత అధికారి ఆయనే. మోకాళ్ళ దాకా బూట్లు. ఆ బూట్లతోనే నా నేలంతా తొక్కుతూ తిరిగారు. నాకు ఒళ్ళు మండింది, పైకి మర్యాదగానే ఉన్నాను.

తరంగాల యంత్రంతో లోపల చూస్తే వదిన గుమ్మం దగ్గరున్నది మొన మాత్రమే. పేట మొత్తం నేల కింద చిన్నా పెద్దా గడ్డలు డెబ్భై మూడు. నలభై ఒక్క ఇళ్ళు, రెండువందల ఆరుగురు మనుషులు వాటి మీదే కాపురముంటున్నారు.

“తూర్పు పేటను కోసేయాలండి,” అన్నారాయన, తూనిక రాయి పెట్టినట్టు. “గడువు వైశాఖం ఎనిమిది. ఇళ్ళవాళ్ళని గట్టు మీది షెడ్లకు మారుస్తాం.”

“పేట కోస్తే మేనుకి పావు ఒళ్ళు పోయినట్టే కదండీ!”

“కోయకపోతే మొత్తం పోతుంది. ఐదేళ్ళ కిందట ఇంకో మేనులో ఇలాగే వచ్చింది. వాళ్ళ కాపరి కూడా మీలాగే ప్రాణం పెట్టింది, నన్ను నాలుగు వారాలు ఆగమంది. నేను ఆగాను. ఆరువందల మందిని నీళ్ళలోంచి ఏరుకున్నాం. అందర్నీ కాదు.”

ఆ తర్వాత ఆయన మీద కోపం పెట్టుకోవడం నావల్ల కాలేదు. భయం మాత్రం పట్టుకుంది. ఇరవై ఒక్క రోజులు. తూర్పు పేట పిల్లలకి కదలని నేల అలవాటు లేదు. కిందటేడు ఒకసారి గట్టుకు తీసుకెళితే తల తిరిగి వాంతులు చేసుకున్నారు.

చైత్రం 20

వేడి: ముప్ఫై రెండు. అదుము: రాయడానికి మనసొప్పడం లేదు.

మొదటి ప్రయత్నం చేశాను. మేను ఒంట్లో కావలి కణాలుంటాయి. దారి తప్పిన కణం కనబడితే వచ్చి నమిలేయడం వాటి పని. పడమటి పేటలో అవి దండిగా ఉన్నాయి. అక్కణ్ణుంచి రసం లాగి వదిన గుమ్మం గడ్డలోకి ఎక్కించి రెండురోజులు చూశాను.

వచ్చాయి. గడ్డ చుట్టూ తిరిగాయి. లోపలికి పోలేక జారిపోయాయి. మైక్రోస్కోపులో చూస్తుంటే తిక్కపుట్టింది. కావలి కణం కూడా ఎక్కాలంటే ఎదుటి కణం చేతినే పట్టుకోవాలి కదా! పట్టుకోవడానికి అక్కడ చెయ్యి లేదు. పాచి పట్టిన మెట్లెక్కే మనిషిలా ఎక్కడం, జారడం, ఎక్కడం, జారడం. సాయంత్రానికి అలిసిపోయి వెనక్కి వెళ్ళిపోయాయి.

నేను పరీక్షపళ్ళెం విసిరికొట్టాను. పగిలింది. ఈ మాట వ్యాఖ్య గడిలో రాయకూడదని తెలుసు.

చైత్రం 24

పేటలో సామాన్లు సర్దుతున్నారు. ఏం తీసుకెళ్ళాలో ఎవరికీ తెలియడం లేదు. గోడలో మొలిచిన అలమరాని ఎలా మూటకడతారు? వదిన అయితే ఏమీ సర్దకుండా ఎప్పటికంటే ఎక్కువగా గుమ్మం కడుగుతోంది. శుక్రవారం కడిగే నేలని ఇప్పుడు రోజు విడిచి రోజు పులుపునీళ్ళతో కడుగుతోంది.

“కోసేసే నేలని కడగడమెందుకు వదినా?”

“పోయేదాన్ని మురికిగా పంపమంటావా?” అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 

ఇవాళ ఇంటింటికీ తిరిగి గడ్డల పటం గీశాను. వారంలోనే గడ్డలు పైకి తేలి, నలభై ఇళ్ళ ముందు కాలు దిగింది. నలభై ఒకటో ఇంటి ముందు దిగలేదు.

మళ్ళీ మోపాను. నేల నా మడమని నెట్టింది, గట్టిగా, పొగరుగా. ఎన్నాళ్ళయింది ఆ పేటలో అలాంటి నేల తగిలి!

అది కాసులయ్య బాబాయి ఇల్లు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పూటకి మూడుసార్లు తాంబూలం. నన్ను చూడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఇంకేం మార్కులు కోత్తావే రత్నం? పేటనే కోసేత్తన్నారు కదా!”

“మార్కుల కోసం కాదు బాబాయ్. నీ నేల బాగుంది.”

“నా నేలా?” అనుమానంగా చూశాడు. “పోయినేడు పదికి ఒకటి ఏసేవు. అంతకుముందు సున్నా.”

వేశాను మరి. ఆయన గోడ చూస్తే ఎవరైనా వేస్తారు. ఆకుకు సున్నం రాసుకున్నాక వేలి మీద మిగిలినదాన్ని గుమ్మం పక్క గోడకి తుడుస్తాడు. ఎన్నేళ్ళ అలవాటో. గోడంతా తెల్లటి గీతలే. వానకి అవి కరిగి నేల మీదకు చారలు కట్టాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు తిట్టని తిట్టు లేదు. కడుగుతామన్నా చీపురు పుచ్చుకుని తరిమేవాడు.

నేను ఆ చారల దగ్గర కూర్చుండిపోయాను.

“ఏంటే, కళ్ళు తిరిగేయా? మంచినీళ్ళు తెమ్మంటావా?”

“బాబాయ్, ఈ గోడని నాలుగేళ్ళలో ఎప్పుడైనా పులుపునీళ్ళతో కడిగేరా?”

“నా కాళ్ళు చేతులు ఆడతండగా కడగనిత్తానా?”

సూదితో చిటికెడు తీసుకుని పరుగెత్తాను. నా వయసు యాభై నాలుగు. పరుగెత్తానని నమోదు చేస్తున్నాను.

చైత్రం 25

కాసులయ్య గుమ్మం కణాలకి చేతులు నిక్షేపంగా ఉన్నాయి. ఇవాళ చేసిన పరీక్ష ఇది.

పడమటి పేట మంచి కణాలని రెండు పళ్ళేల్లో పెట్టాను. రెండోదాన్ని పోలిక కోసం అలాగే ఉంచి, మొదటి పళ్ళెంలో తూర్పు పేట ఆడవాళ్ళు నేల కడిగే పులుపునీళ్ళు పోశాను. నిమ్మతొక్కలూ చింతపండు పిప్పీ మూడురోజులు నానబెట్టి తీసేవి. పాచి ఇట్టే పోతుంది, నేల అద్దంలా వస్తుంది. గంట తిరక్కుండానే కణాల చేతులు వాలిపోయాయి. చేతులు తెగలేదు. ఉన్నాయి, కానీ బిగువు లేదు. ఒక్కొక్కటీ పక్కదాన్ని వదిలేసి గుండ్రంగా ముడుచుకుంది. రెండోపూటకి చీలడం మొదలుపెట్టాయి.

అదే పళ్ళేన్ని కడిగి సున్నపు తేట పోశాను. చేతులు లేచాయి. పక్కదాన్ని వెతుక్కున్నాయి. పట్టుకున్నాయి. చీలడం ఆగిపోయింది.

చెయ్యి నిటారుగా నిలబడాలంటే దాని కీళ్ళలో కాల్షియం ఉండాలి. సున్నంలో ఉండేది అదే. పులుపు ఆ కాల్షియాన్ని తన వెంట లాక్కుపోతుంది. కింద సముద్రం నిండా కాల్షియం ఉన్నా మేను కడుపు చర్మం ఉప్పుని పైకి రానివ్వదు. అలాగే పెంచారు. పైనేలకి దక్కేది వానా, మనం పోసేదీ. మనం వారం వారం పోసింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. చేతులు వదిలేసినవి ఒక తరం రెండు తరాలయితే సర్దుకునేవి. నాలుగేళ్ళు!

నాలుగేళ్ళు ఎందుకంటే నాలుగేళ్ళ కిందటే పోటీ మొదలైంది. మెరుపుకి పదికి ఆరు మార్కులు పెట్టింది ఎవరు? నేను. పులుపునీళ్ళ ఉపాయం చూసి తూర్పు పేటని సభలో మెచ్చుకున్నది ఎవరు? నేను. మరక ఉన్న ఒక్క గోడకి సున్నా వేసింది నేను. కాపరిని నేను. జబ్బుకి బహుమతి ఇచ్చి చప్పట్లు కొట్టించాను. సిగ్గుతో వచ్చిన కన్నీళ్ళకి ఈ పేజీ తడిసింది, అక్షరాలు చెదిరితే మన్నించాలి.

చైత్రం 26

సభ పెట్టించాను. నిన్నటి పేజీ గట్టిగా చదివాను.  చివరికి, “కాపరి పని నాకు తగదు, గడువు అయ్యాక వేరేవాళ్ళని చూసుకోండి,” అని రాజీనామా కాగితం సభ ముందు పెట్టాను.

 వెనకనుంచి వదిన లేచింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

“నీళ్ళు పోసింది నేను. మెచ్చుకుంది నువ్వు. ఇద్దరం కలిసే తగలేసేం. ఇంక ఆ మొహం కడుక్కుని ఏం చెయ్యాలో చెప్పు. పన్నెండు రోజులే ఉన్నాయి.”

“సున్నం కావాలి. గుల్లసున్నం. చాలా.”

“గుల్లలకేం కరువు?” అంది వదిన. సభంతా ఒక్కసారి లేచింది.

మేను కడుపు కింద ముప్ఫై ఎనిమిదేళ్ళ గుల్లలు అతుక్కుని ఉన్నాయి. మగవాళ్ళు మునిగి గీకారు. ఆడవాళ్ళు ఇనప డ్రమ్ముల్లో కాల్చారు. కాసులయ్య బాబాయి కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నాడు. సున్నం చేయడం తనకి తప్ప ఎవరికీ రాదని ఆయన నమ్మకం. అది చాలావరకు నిజం.

“నీళ్ళు నెమ్మదిగా చల్లండర్రా! ఉడుకుతాది, మొహాన పడతాది! పైన తేరిన తేట మాత్రమే తీయండి, కింద ముద్ద నాకొదిలెయ్యండి!”

కృపాదానం గారికి వైర్‌లెస్‌లో చెప్పాను. ఆయన మొత్తం విన్నారు. “గడువు మారదండి,” అన్నారు. కొంచెం ఆగి, “పని ఆపమని కూడా అనను,” అన్నారు.

చైత్రం 28

వదిన ఆత్రం గురించి ఒక పేజీ రాయవచ్చు. చెంబు తేటకి పది చెంబుల మంచినీళ్ళు కలపమని చెప్పాను. తన గుమ్మం ముందు చిక్కటి సున్నమే కుమ్మరించింది. పొద్దున చూస్తే నేల బొబ్బలెక్కి తోలు ఊడింది.

“ఎక్కువ పోత్తే తొందరగా పట్టుకుంటాయనుకున్నా.”

“కణాలని పట్టుకోమన్నాను వదినా, కాల్చెయ్యమన్లేదు!”

ఇద్దరం గొంతులు లేపాం. పేటంతా పని ఆపి వినోదం చూసింది. తర్వాత ఇద్దరం కూర్చుని తడిగుడ్డలతో ఆ బొబ్బలు అద్దాం. ఇకనుంచి తేట కొలిచేది నేనొక్కదాన్నే.

చైత్రం 30

అదుము: పదిహేడు గుమ్మాల ముందు పెరిగింది. కొత్త గడ్డ ఒక్కటీ లేదు. పాతవి ఒక్క వెంట్రుకంత కూడా పెరగలేదు.

ఈ లెక్క మూడుసార్లు సరిచూసుకుని రాశాను. 

వైశాఖం 3

ఎక్కాయి! ఎక్కాయి! కావలి కణాలు ఎక్కాయి!

పొద్దున్నే పడమటి పేట రసం మళ్ళీ గడ్డల్లోకి ఎక్కించాను. గడ్డ అంచున లేచిన చేతులని పట్టుకున్నాయి. ఒకటి, పది, ఆపైన లెక్కపెట్టలేదు. చేయి చేయి పట్టుకుంటూ లోపలికి నడిచిపోయి, దారికి రాని కణాలని నమలడం మొదలుపెట్టాయి. నా గది చిన్నది. మైక్రోస్కోపు కోసం బయట వరస కట్టారు. ప్రతివాళ్ళూ ఒక కన్నుతో చూడడం, కేక వేయడం. పడవ పందెం చూసినంత సంబరం.

కాసులయ్య బాబాయి అందరికంటే ఎక్కువసేపు చూశాడు.

“చూసేవా నా సున్నం! ఇంక మనుషుల గడ్డలకి కూడా ఇదే రాసెయ్యొచ్చు.”

“రాయకూడదు,” అన్నాను ఖచ్చితంగా. “మనిషి ఒళ్ళు వేరు, అక్కడ చేతులు వదలడానికి కారణాలు వేరు. దానికి డాక్టరున్నాడు. ఇది మన నేల రోగం, మనం తెచ్చిపెట్టింది, మనం తీత్తన్నాం. పైగా నువ్వా తాంబూలం కూడా తగ్గించాలి.”

“అదుగో, మొదలెట్టేవు,” అని వెళ్ళిపోయాడు.

వైశాఖం 6

డెబ్భై మూడు గడ్డల్లో అరవై నాలుగు చదునయ్యాయి. ఎనిమిది ఎండిపోతున్నాయి.

మిగిలింది ఒకటి. వదిన గుమ్మం కింద, చాప వెడల్పున. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఎక్కువ పులుపు తాగింది. దాని కణాలకి ఎంత తేట పోసినా లాభం లేదు. చీలీ చీలీ చేతులు తయారుచేసే పద్ధతే పోగొట్టుకున్నాయి. బిగువు తప్పిన చేతులు కావు, అసలు చేతులే లేవు. కావలి కణాలకి పట్టు దొరకదు. దాన్ని కోయాల్సిందే.

వదినకి చెప్పడానికి వెళ్ళాను.  ఆవిడే అడిగింది.

“ఎంత?”

“చాపంత.”

“పేట మొత్తం కాదుగా?”

“చాపంతే.”

వదిన కూర్చుని పెద్దగా ఏడ్చింది. ఇన్నిరోజులూ బిగబట్టుకున్న ఏడుపంతా వచ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఇద్దరం ఆకలేసి పెరుగన్నం తిన్నాం.

వైశాఖం 8

గడువు రోజు.

కోత పడవ పొద్దున్నే వచ్చింది. ఇంత పొడుగు రంపాలు, పదిమంది కూలీలు, ఖాళీ ట్రంకులు. పేట మొత్తం తమ తమ గుమ్మాల ముందు నిలబడింది. రెండువందల ఆరుగురు. ఎవరూ మూట కట్టలేదు.

కృపాదానం గారు యంత్రంతో మొదలుపెట్టారు. మొదటి ఇల్లు. రెండో ఇల్లు. అంకె రాసుకుంటారు, ముందుకు వెళతారు. ఇరవయ్యో ఇంటి దగ్గర యంత్రాన్ని తిప్పి చూసి, విదిలించి, మళ్ళీ పెట్టారు.

“యంత్రం బాగానే ఉందండి,” అన్నాను.

ఆయన నా వైపు చూశారు. యంత్రం కింద పెట్టారు. వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఒక బూటు. రెండో బూటు. మేజోళ్ళు. అధికారి కాళ్ళు పాలిపోయి, మెత్తగా ఉన్నాయి. మేను మీద వట్టికాళ్ళతో ఆయన నిలబడడం ఇదే మొదటిసారని తర్వాత చెప్పారు.

మడమ మోపారు. నేల నెట్టింది.

ఆయన ఉలిక్కిపడి నవ్వారు. ఒక అడుగు, ఇంకో అడుగు. నలభై ఒక్క గుమ్మాలూ అలాగే నడిచారు. వెనకాలే పేటంతా నడిచింది. నాలుగువందల పాదాలు ఒక్కచోట పడితే మేను ఒళ్ళు ఎలా పలుకుతుందో ఈ ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. గుండెల్లోకి వినిపించింది.

వదిన గుమ్మం దగ్గర ఆయన కాలు దిగింది. ఆగారు.

“ఇది?”

“ఇది కోయాలండి,” అన్నాను. “దీని చుట్టూ జానెడు మంచి నేలతో సహా.”

“కోత కత్తి ఇలా ఇవ్వండి,” అంది వదిన. “నా గుమ్మం. నేనే కోత్తాను.”

ఆయన నన్ను చూశారు. నేను తలూపాను. వదిన మోకాళ్ళ మీద కూర్చుని కోసింది, నేను అంచు పట్టుకున్నాను. చేపల్ని కోసిన చెయ్యి అది, గీత తప్పలేదు. చాపంత ముక్కని పెట్టెలో పెట్టి మూత వేశారు. కోసిన అంచుకి తేట రాశాను. కళ్ళముందే అంచు బిగుసుకుంది.

కృపాదానం గారు కోత కాగితం తీసి, “తూర్పు పేట, నలభై ఒక్క ఇళ్ళు” అన్న అక్షరాలు కొట్టేసి, “ఒక చాప” అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని వదిన ఆయన చేతిలోంచి లాక్కుని తలమీద పెట్టుకుని గంతులేసింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పడవ మీద కూలీలు రంపాలు దించేసి చప్పట్లు కొట్టారు.

వెళ్ళేముందు ఆయన ఈ పుస్తకం అడిగారు, మిగతా పదకొండు మేనులకి నకళ్ళు పంపడానికి.

“చైత్రం ఇరవై ఐదు పేజీ చించి ఇత్తానండి,” అన్నాను.

“చించకండి. అది లేకపోతే మిగతా పేజీలు ఎందుకూ పనికిరావు.” బూట్లు చేత్తో పట్టుకునే పడవెక్కారు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగారు. “నాకు ఐదేళ్ళ కిందట ఈ పేజీ దొరికి ఉంటే బాగుండేదమ్మా.”

ఇన్నాళ్ళకి నన్ను అమ్మా అన్నారు.  చెయ్యి ఊపాను.

జ్యేష్ఠం 19

మూడు మేనుల నుంచి ఉత్తరాలొచ్చాయి. ఒకచోట గంజి పులియబెట్టి కడుగుతున్నారట, ఇంకోచోట కాయల పులుపట. రెండుచోట్లా గడ్డలు నిమ్మకాయంత ఉండగానే పట్టుకున్నారు. మూడోదాంట్లో ఏమీ లేదు. అక్కడి కాపరి ఊరికే రాసింది: “మీ చైత్రం 25 చదివి నేనూ నా పోటీ ఒకటి రద్దు చేశాను.”

సభ నా రాజీనామా కాగితాన్ని పోగొట్టిందట. ఎవరిని అడిగినా తెలియదంటున్నారు. కాసులయ్య బాబాయి సభ రోజు వక్కలు కట్టుకెళ్ళిన పొట్లం మీద నా చేతిరాత కనిపించింది.

శ్రావణం 5

నేల పోటీ మళ్ళీ పెట్టారు. మెరుపుకి మార్కుల్లేవు. అదుముకి ఆరు, గోడకి నాలుగు. న్యాయనిర్ణేత మాణిక్యాంబ.

మొదటి బహుమతి కాసులయ్యకి. బహుమతి పలక గోడకి తగిలిస్తామంటే ఒప్పుకోలేదు. “అక్కడొద్దు, వేలు తుడుచుకోడానికి చోటుండదు,” అని మంచం కింద పెట్టించాడు.

వదిన గుమ్మం ముందు చాపంత కొత్త నేల మొలిచింది. ఇంకా గులాబీ రంగులోనే ఉంది. ఆ చుట్టూ గోడ నిండా తెల్లటి వేలిగీతలు. ఆకు వేసుకోని మనిషి కూడా ఇప్పుడు గుమ్మం దాటేటప్పుడు సున్నపు గిన్నెలో వేలు ముంచి గోడకి రాయడం పేటలో అలవాటైంది. పిల్లలైతే పోటీలు పడి రాస్తున్నారు.

చివరగా మా ఇంటికి వచ్చింది వదిన. పుస్తకం, కలం, వట్టికాళ్ళు, ముఖం నిండా గాంభీర్యం. మడమ మోపింది. నేల నెట్టింది. ఆరుకి ఆరు వేసింది. గోడ వైపు తిరిగి పైనుంచి కింది దాకా చూసింది.

“గోడకి సున్నా.”

“సున్నా ఏంటి వదినా? ఒక్క మరక కూడా లేదే!”

“అందుకే.”

“నేను పొద్దుటినుంచీ ఊరందరి గోడలకీ తేట రాత్తానే తిరిగేను! నా ఇంటికి రాసుకునే తీరికేదీ?”

వదిన కొంగున కట్టుకున్న సున్నపు డబ్బీ విప్పింది. నా కుడిచెయ్యి పట్టుకుని, చూపుడువేలు డబ్బీలో ముంచి, ఆ వేలితోనే మా గుమ్మం పక్క గోడ మీద పైనుంచి కిందికి గట్టిగా ఒక గీత గీయించింది. పుస్తకంలో సున్నా కొట్టేసి నాలుగు వేసింది. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

వేడి: ఇరవై ఎనిమిది. తడి: వాన పడుతోంది. అదుము: పదికి పది.